తాళములు తెఱచిన ఆల్ఫ్రెడ్ హాబ్సు

గడచిన సంవత్సరము మా పాఠశాలలో పదవ తరగతి చదువుచుండిన యొక బాలుని తండ్రి ఆకస్మికముగా మరణించెను. ఆయన ఎరువుల దుకాణము నడుపుచుండెడివాడు. ఏ రైతునకు ఎన్ని బస్తాలు అరువిచ్చినది, ఎవరు ఎంత చెల్లించినది, టోకు వర్తకునకు తామెంత బాకీపడినది, ఈ లెక్కలన్నియు ఇంటియందలి కంప్యూటరులోనే యుండెను. ఆ యంత్రమునకు ఆయన పెట్టుకొనిన పాస్‌వర్డు మఱియెవరికిని తెలియదు; అది ఆయనతోడనే సమాధిలోనికి పోయెను. అది పంట చేతికి వచ్చు కాలము. అప్పు తీర్పవచ్చిన రైతులు ఎంత చెల్లింపవలెనని యడుగుచుండ, తల్లి చెప్పజాలక కన్నీరు పెట్టుకొనుచుండెను. బాలుడు ఒక ఆదివారము మధ్యాహ్నము పనికి మొదలిడి, మంగళవారము రాత్రికి ఆ యంత్రమును తెఱచెను.

ఈ సంగతి ఆ తల్లియే తలిదండ్రుల సభలో సంతోషముతో చెప్పెను. ఆమె సంతోషము మాలో కొందఱికి భయకారణ మయ్యెను. అర్ధసంవత్సర పరీక్షల ప్రశ్నపత్రములు కార్యాలయపు కంప్యూటరులో నున్నవి గదా. ఇంటి యంత్రమును తెఱచినవానికి బడి యంత్రమొక లెక్కయా యని ఉపాధ్యాయుల గదిలో మాటలు పుట్టెను. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టజాలడను సామెతను ఒకరు జ్ఞప్తికి తెచ్చిరి. ఆ మాటలాడినవారిలో మేమును ఉంటిమి. మఱునాడు ఆ యంత్రమును ఇనుప బీరువాలో పెట్టించితిమి. బాలుడు వరండాలో నిలిచి చూచుచుండెను, ఏమియు ననలేదు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో మేము హాబ్సు అను నొక అమెరికా దేశస్థుని చరిత్ర చదివియుంటిమి. ఆ బాలుని మొగము చూచిన పిమ్మట అది మరల మాకు జ్ఞప్తికి వచ్చెను. నేడు మన విద్యార్థులలో ఆయన పేరు విన్నవారు అరుదు. 1851వ సంవత్సరమున లండను నగరమందు ఆ పేరు విననివారే అరుదు.

ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్సు 1812వ సంవత్సరము అక్టోబరు మాసమున అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. తలిదండ్రులు ఇంగ్లండునుండి వచ్చినవారు. పసితనముననే తండ్రిని పోగొట్టుకొనెను. బడిలో చదివినది కొలదికాలమే. పదియేండ్లవాడు కాగానే కూలికి పోవలసివచ్చెను. మొదట పొలము పని. పిమ్మట కొయ్యపై చెక్కడపు పని. ఆ పిమ్మట బండ్లు చేయు పని, వానికి రంగులు వేయు పని, తగరపు రేకుల పని, గుఱ్ఱపు జీనుల సామగ్రి చేయు పని. కొంతకాలము ఓడలోను పనిచేసెను. ఏ పనిలోను నిలువని కుఱ్ఱవానిని మనవారు కాలుగాలిన పిల్లి యందురు. ఆయన తల్లియు అట్లే తలచి యుండవచ్చును. కాని కొయ్య, ఇనుము, తగరము, తోలు, వీనిలో ప్రతిదానిని చేతితో పట్టి దాని మనసు తెలిసికొనుట ఆ సంవత్సరములలోనే ఆయనకు అలవడినది.

తుదకు మాసచూసెట్సు రాష్ట్రమునందలి సాండ్విచ్ అను ఊరి గాజు కర్మాగారమున గాజును సానపెట్టి కోయు పనికి కుదిరెను. అచ్చట తలుపులకు గాజు పిడులు చేయుచుండిరి. పిడిని తాళమునకు బిగించు నుపాయమును ఆలోచించుచు, ఆయన తాళములోపల నేమున్నదో చూడసాగెను. తలుపు పిడినుండి తాళములోనికి దారితీసిన ఈ కుతూహలమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. కొలదికాలమునకు న్యూయార్కులోని డే అండ్ న్యూయెల్ అను తాళముల కంపెనీలో ఆయన విక్రయోద్యోగిగా చేరెను.

ఆయన తాళముల నమ్ము విధము విచిత్రమైనది. బ్యాంకునకు పోయి తన తాళము గొప్పదని పొగడుట కాదు. ఆ బ్యాంకు తలుపునకున్న తాళమును, యజమాని సెలవు పొంది, యజమాని యెదుటనే, తాళపుచెవి లేకుండ తెఱచి చూపుట. తన ధనమునకు కాపుగా నున్నదని ధైర్యముతో నిద్రించిన వస్తువు కన్నులయెదుటనే తెఱచుకొనగా, ఆ యజమాని వెంటనే క్రొత్త తాళమును కొనుచుండెడివాడు. ఇందులో వర్తకపు యుక్తి గలదు. దానిని మేము కప్పిపుచ్చము. హాబ్సు లోకోపకారమునకై మాత్రమే తాళములు తెఱచెనని చెప్పుట సత్యము కాదు. ఐనను ఒక విషయము గమనింపదగినది. సెలవు లేకుండ ఒక తాళమునైనను ఆయన ముట్టినట్లు చరిత్రలో లేదు. తెఱచిన పిమ్మట ఏ పెట్టెలోనిదియు ఆయన తీసికొనలేదు.

1851వ సంవత్సరము మే 1వ తేదీన లండనులోని హైడు పార్కునందు విక్టోరియా రాణి సర్వదేశ వస్తుప్రదర్శనమును ప్రారంభించెను. జోసెఫ్ పాక్స్టన్ అను నాయన కల్పించిన మహత్తరమైన గాజు భవనములో లోకమందలి శిల్పవస్తువులన్నియు సమకూర్పబడెను. మన కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో దొరకినదని ప్రసిద్ధిగాంచిన కోహినూరు వజ్రమును గూడ అచ్చట ఇనుప పంజరములో నుంచి చూపిరి. ఆ పంజరమును చేసినది ఛబ్బు అను తాళముల కంపెనీవారు. ఈ ప్రదర్శనమునకే హాబ్సు తన కంపెనీ తాళమును దీసికొని వచ్చెను. ఆ తాళమునకు పారాటాప్టికు అని పేరు. కంటికి కనబడకుండ దాగినదని దాని యర్థము. దానిలో నొక వింత గలదు. తాళపుచెవి పండ్లను యజమాని ఊడదీసి వేఱొక వరుసలో మార్చుకొనవచ్చును. మార్చి త్రిప్పగనే తాళము ఆ క్రొత్త వరుసకు తానే సర్దుకొనును. నేడు మనము పాస్‌వర్డును మార్చుకొనునట్లే నాటివారు ఇనుముతో చేసికొనిరన్నమాట.

ఆ కాలమున ఇంగ్లండులో రెండు తాళములు అజేయములని కీర్తి గాంచియుండెను. మొదటిది ఛబ్బు కంపెనీవారిది. 1817వ సంవత్సరమున పోర్ట్స్‌మత్ నౌకాస్థానమున దొంగ తాళపుచెవులతో చోరీ జరుగగా, తెఱువ శక్యముకాని తాళమును చేయువారికి ప్రభుత్వమువారు నూఱు పౌనుల బహుమానము ప్రకటించిరి. జెరిమయా ఛబ్బు 1818లో దానిని చేసి చూపెను. ఆ రేవునందే చెఱసాలగా మార్చిన యోడలో నుండిన యొక ఖైదీ, పూర్వము తాళములు చేసినవాడు, తెఱచినయెడల క్షమాపణయు ధనమును ఇత్తుమనగా, రెండు మూడు మాసములు శ్రమపడి చేతకాదని విడిచెను. స్వాతంత్ర్యమే పందెముగా గలవాడు ఓడిపోయిన తాళమును మఱియెవరు తెఱువగలరని జనులు నమ్మిరి.

ఈ తాళము పనిచేయు విధమును కొంచెము వివరింతుము. మన బజారులలో నమ్ము తాళములపై ఆరు లివర్లు, ఏడు లివర్లు అని చెక్కియుండుట మన పిల్లలందఱు చూచియున్నదే. లివరనగా తాళము లోపల నొకదానిప్రక్క నొకటిగా నుండు పలుచని పలకలు. ప్రతి పలకలోను ఒక గండి గలదు. తాళపుచెవి పండ్లు ప్రతి పలకను దానికి తగినంత యెత్తునకే లేపును. గండ్లన్నియు ఒకే వరుసకు వచ్చినప్పుడు గడియ వాని నడుమనుండి జాఱిపోవును. ఒక్క పలక వెండ్రుకవాసి తక్కువైనను ఎక్కువైనను గడియ కదలదు. ఛబ్బు దీనికి తోడు ఒక గూఢచారిని జేర్చెను. ఎవడైనను పరాయి సాధనముతో ఒక పలకను మితిమీఱి యెత్తినచో, అది ఒక స్ప్రింగులో చిక్కుకొని యట్లే నిలిచిపోవును. మఱునాడు యజమాని తన తాళపుచెవిని పెట్టి త్రిప్పగా తాళము తెఱచుకొనదు. ఎవరో తడవిరని అతడు తెలిసికొని, తాళపుచెవిని వెనుకకు త్రిప్పి, తాళమును యథాస్థితికి దెచ్చుకొనును.

1851 జూలై 22వ తేదీన వెస్ట్‌మినిస్టరులోని గ్రేట్ జార్జి వీథియందు, ఒక భద్రపు గది ఇనుప తలుపు ముందు, హాబ్సు కొందఱు పెద్దమనుష్యుల సమక్షమున నిలిచెను. ఆ తలుపునకున్నది ఛబ్బు తాళము. రెండు మూడు చిన్న సాధనములు ఆయన చేతిలో నుండెను. ఇరువదియైదు నిమిషములలో గడియ వెనుకకు పోయెను. చూచినవారు, మంచిది, మరల వేయగలవా యని యడిగిరి. తాళపుచెవి లేకుండ ఏడు నిమిషములలో మరల వేసెను. తాళమునకు ఏ హానియు కలుగలేదు.

ఎట్లు చేసెను? గడియను కొంచెము బలముతో వెనుకకు నొక్కిపట్టెను. మనుష్యుడు చేసిన వస్తువు ఏదియు లోపరహితముగా నుండదు గావున, పలకలన్నియు గడియకు సమముగా నొఱయవు. ఒకటి తక్కినవానికన్న గట్టిగా పట్టుకొనును. ఏది పట్టుకొన్నదో వ్రేళ్లకు తెలియును. దానిని మెల్లగా లేపగా ఒక స్థానమున అది వదలును. వెంటనే మఱియొకటి పట్టుకొనును. ఇట్లొక్కొక్కటి తన రహస్యమును తానే చెప్పివేయును. ఛబ్బు పెట్టిన గూఢచారి సయితము దొంగనుగూర్చి యజమానికి చెప్పుటకు మాఱుగా, ఏ పలక మితిమీఱినదో హాబ్సునకే చెప్పెను. యజమాని సౌకర్యమునకై యుంచిన సర్దుబాటు మార్గమే ఆయనకును తోడ్పడెను. తాళమునకు అదనముగా చేర్చిన బలమే బలహీనత యగుట విచిత్రము కాదా?

లెక్కల విద్యార్థులు ఇచ్చట కొంచెము నిలిచి యాలోచింపవలెను. ఒక తాళములో ఆరు పలకలు, ఒక్కొక్కదానికి పది యెత్తులు గలవనుకొందము. అన్నియు ఒక్కసారిగా సరిపడవలెనన్నచో, పదిలక్షల వరుసలను పరీక్షింపవలసియుండును. ఒక్కొక్క పలక విడిగా ఒప్పుకొనుచో, అఱువది ప్రయత్నములు చాలును. హెచ్చవేయవలసినది కూడికగా మాఱినది. హాబ్సు నేర్పంతయు ఈ కూడికలో గలదు. ఈ మార్గమును ఆయనయే కనిపెట్టలేదు. అంతకుముందే యెఱిగినవారు కలరు. కాని దానిని బహిరంగముగా, సాక్షులయెదుట, చేసి చూపినవాడు ఆయన.

రెండవ తాళము బ్రామా వారిది. జోసెఫ్ బ్రామా యార్కుషైరు రైతు బిడ్డ. బాల్యమున కాలునకు దెబ్బతగిలి పొలము పనికి పనికిరాక వడ్రంగము నేర్చి, తరువాత జలబలముతో నడచు ఒత్తుడు యంత్రమును నిర్మించి ప్రఖ్యాతుడైనవాడు. ఆయన 1784లో చేసిన తాళమునకు చెవి చిన్న గొట్టమువలె నుండును. దాని యంచునగల గాట్లు తాళములోని సన్నని జాఱుపట్టీలను వేర్వేఱు లోతులకు నెట్టును. ఆ కంపెనీవారు పదునెనిమిది జాఱుపట్టీలుగల యొక తాళమును పికాడిలీ వీథియందలి తమ దుకాణపు కిటికీలో వ్రేలాడదీసి, దీనిని తెఱచు సాధనమును చేయు శిల్పికి రెండువందల గినీల బహుమానమని బంగారు అక్షరములతో ప్రకటించిరి. గినీ యనగా ఇరువదియొక్క షిల్లింగులు. ఆ తాళమును చేసిన చేయి హెన్రీ మాడ్స్లే యను మహాశిల్పిది. బ్రామా 1814లో మరణించెను. తాళము మాత్రము ఆ కిటికీలోనే తరములు మాఱినను తెఱువబడక యుండెను.

హాబ్సు ఆ దుకాణమునకు పోయి తాను ప్రయత్నింతునని చెప్పెను. మధ్యవర్తులు నియమింపబడిరి. షరతులు వ్రాసికొనిరి. తాళమును రెండు పలకల నడుమ బిగించి, రంధ్రము మాత్రమే వెలికి కనబడునట్లు చేసిరి. అసలు తాళపుచెవిని సీలువేసి దాచిరి. ముప్పది దినముల గడువు. తెఱచుట మాత్రము చాలదు. పిమ్మట అసలు తాళపుచెవితో ఆ తాళము యథాప్రకారము పనిచేయవలెను. పగులగొట్టుటకును తెఱచుటకును గల భేదము ఈ షరతులోనే యున్నది.

జూలై 24వ తేదీన పని మొదలయ్యెను. ఆయన ఒక సాధనమును తాళమునకు బిగించి దానిపై ఎడతెగని యొత్తుడు నిలుపునట్లు చేసి, ఒక్కొక్క జాఱుపట్టీని సన్నని కొలతకఱ్ఱతో పరీక్షించుచు, ఎంత లోతున వదలినదో వ్రాసికొనుచు వచ్చెను. ఇందులో మాయయు లేదు, మంత్రమును లేదు. గుమాస్తా పద్దులు వ్రాయుటకెంత ఓర్పు కావలెనో అంత ఓర్పు. నడుమ బ్రామావారు ఆక్షేపణ చెప్పగా పని కొన్నాళ్లు ఆగెను. ఆగష్టు 23వ తేదీన తాళము తెఱచుకొనెను. పనిచేసిన దినములు పదునాఱు. లెక్కించిన గంటలు ఏబదియొక్కటి. అసలు తాళపుచెవిని తెచ్చి పెట్టగా తాళము చక్కగా మూసికొని తెఱచుకొనెను. సాధనమును బిగించియుంచుట న్యాయము కాదని బ్రామావారు వాదించిరి. మధ్యవర్తులు హాబ్సు పక్షముననే తీర్పుచెప్పిరి. రెండువందల గినీలు ఆయనకు ముట్టెను.

లండను పత్రికలు ఈ విషయముతో నిండిపోయెను. ఇంగ్లండునందలి ప్రతి గృహస్థుడు తన తలుపును తానే అనుమానముతో చూచుకొనసాగెను. దొంగ యెవడైనను ఒక తలుపు ముందు పదునాఱు దినములు కూర్చుండునా యని బ్రామా తాళమును పొగడువారు అడిగిరి. అది న్యాయమైన ప్రశ్నయే. నిజమునకు ఏబదియొక్క గంటలు నిలిచిన తాళము చెడ్డ తాళము కాదు. కాని ఛబ్బు తాళము నిలిచినది ఇరువదియైదు నిమిషములే. ఛబ్బు కంపెనీవారు మాత్రము అలిగి కూర్చుండక, తాళములో లోపమున్న చోట్లను దిద్దుకొనిరి. ఇది వారి గొప్పతనమని మేము తలంతుము. హాబ్సు తన పారాటాప్టికు తాళమును తెఱువుడని ఆంగ్లేయులకు సవాలు విసరెను. గార్బట్ అను నాయన ముప్పది దినములు ప్రయత్నించి విఫలుడయ్యెను.

ఇంతకన్న పెద్దదైన యాక్షేపణ యొకటి యుండెను. మా ఉపాధ్యాయుల గదిలో మేము విన్నది, మేమే యన్నది, ఆ యాక్షేపణమే. తాళములను తెఱచు విధమును లోకమునకు వెల్లడించుట దొంగలకు పాఠము చెప్పుట కాదా? ఎఱుగనివారికి ఎఱుక కలుగజేయనేల? హాబ్సు దీనికి సమాధానము చెప్పక తప్పించుకొనలేదు. 1853లో చార్లెస్ టామ్లిన్సన్ అను పండితుడు కూర్పుచేయగా తాళముల నిర్మాణమునుగూర్చి ఆయన గ్రంథమొకటి వెలువడెను. దానిలోని వాదము ఇట్టిది. దొంగతనము వృత్తిగా గలవారు తమ వృత్తియందు శ్రద్ధగలవారు. మనము చెప్పకమునుపే వారికి చాల తెలిసియున్నది. తెలియనివాడు తాళమును కొనిన గృహస్థుడొక్కడే. లోపమును దాచినచో దొంగకు నష్టము లేదు. యజమాని మాత్రము తెలియక మోసపోవును. లోపము వెల్లడియైనచో తాళము చేయువాడు దిద్దుకొనక తప్పదు. 1854లో సివిల్ ఇంజనీర్ల సంస్థవారి సభలో తాళములపై ఆయన చదివిన వ్యాసమునకు టెల్ఫోర్డు పతకము లభించెను. తాళములు తెఱచెనని నిందింపబడినవానిని విద్వాంసులు తమ నడుమ కూర్చుండబెట్టుకొనిరి.

ఈ వాదమును మేము వెంటనే ఒప్పుకొనలేదు. ఉపాధ్యాయునకు తన యెదుట కూర్చున్నవారు గృహస్థులు కారు, పదునైదేండ్ల పిల్లలు. కాని ఇంటి కంప్యూటరుల స్థితి ఎట్టిదో మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయునివలన తెలిసికొనిన పిమ్మట మా మనసు కొంత మాఱినది. కంప్యూటరును వేయగానే అడుగు పాస్‌వర్డు చాల యిండ్లలో ముందు వాకిలికి వేసిన గడియవంటిది మాత్రమే. లోపలి డిస్కుపై వ్రాసిన వ్రాతలను అది మార్చదు. యంత్రము చేతికి చిక్కినవాడు, దానిని దాని స్వంత కార్యక్రమముతో గాక, పెన్‌డ్రైవులో నున్న వేఱొక కార్యక్రమముతో మేలుకొలిపినచో, గడియ సంగతియే లేక లోపలి వ్రాతలను చదువవచ్చును. డిస్కును ఊడదీసి వేఱు యంత్రమునకు తగిలించినను అంతే. తలుపునకు బలమైన గడియ వేసి, ప్రక్కగోడను తడికతో కట్టినట్లున్నది. ఎరువుల దుకాణపు లెక్కలు బయటపడినది ఈ మార్గముననే. ఆ బాలుడు ఏ రహస్యమును ఛేదింపలేదు. తడికను ప్రక్కకు జరిపెను.

దీనికి నివారణము గలదు. డిస్కుపై వ్రాతలన్నిటిని రహస్యలిపిలోనికి మార్చి యుంచు ఏర్పాటు నేటి యంత్రములలో నున్నది. కొన్ని క్రొత్త యంత్రములలో అది మొదటినుండియే యుండును. అట్లు చేసినయెడల డిస్కును ఊడదీసినను అర్థములేని అక్షరములే కనబడును. కాని అప్పుడు పాస్‌వర్డు మఱచినవాడు యంత్రము మొదట ఇచ్చిన పునరుద్ధరణ సంఖ్యను భద్రముగా వ్రాసియుంచుకొననిచో, దొంగవలెనే తానును బయట నిలువవలసినదే. ఆ తండ్రి యంత్రమునకు అట్టి యేర్పాటు ఉండియుండినచో, ఆ సంవత్సరము ఆ కుటుంబము గతి యేమగునో చెప్పజాలము. దొంగకు మూసిన తలుపు విధవరాలికి గూడ మూసికొనును. ఈ చిక్కు హాబ్సు నాటి తాళములకు లేదు. తాళపుచెవి పోయినచో కమ్మరిని పిలువవచ్చును.

మరల హాబ్సు చరిత్రకు వత్తుము. ఆయన ఇంగ్లండులోనే నిలిచి లండనులో తాళముల కంపెనీని స్థాపించెను. అచ్చటి తాళములు అంతవరకు చేతిపనివారు ఆకురాయితో అరగదీసి చేసినవి. హాబ్సు అమెరికా పద్ధతిని యంత్రములతో భాగములను చేయించి చవుకగా అమ్మెను. ఆ కంపెనీ తరువాత హాబ్సు, హార్టు కంపెనీ యను పేర చిరకాలము నడచెను. 1956లో దానిని కొనినవారు ఎవరనుకొనుచున్నారు? ఛబ్బు కంపెనీవారే.

ఆయన కీర్తికి చంద్రునియందలి మచ్చవంటిదియు నొకటి గలదు. ఆయన అజేయమని తెచ్చి చూపిన పారాటాప్టికు తాళమును కొలది సంవత్సరములలోనే అమెరికాలో లైనస్ యేల్ కనిష్ఠుడు తెఱచెను. యేల్ అను పేరు నేటికిని తాళములపై చూచుచున్నాము. హాబ్సు తాను ఇతరులకు చేసినదే తనకును జరిగినది.

1860లో హాబ్సు స్వదేశమునకు తిరిగిపోయెను. కొంతకాలము కుట్టు యంత్రముల హోవే కంపెనీలో పనిచేసి, 1866లో కనెక్టికట్ రాష్ట్రమునందలి బ్రిడ్జిపోర్టు నగరమున తుపాకి తూటాలు చేయు కర్మాగారమునకు పర్యవేక్షకుడయ్యెను. తూటాలు చేయు పద్ధతులలో ఆయన అనేక నూతన కల్పనలకు పేటెంటులు పొందెను. ఇండ్లను కాపాడు విద్యకై యౌవనమును ధారపోసినవాడు వార్ధకమును తూటాలకు ధారపోయుట మాకు రుచింపలేదు. ఐనను చరిత్ర వ్రాయువారు నచ్చినంతవఱకే వ్రాసి మిగిలినది మూసిపెట్టరాదు. ముఖ్యముగా ఈ మనుష్యుని చరిత్రలో. ఆయన 1891వ సంవత్సరమున, 79 యేండ్ల ప్రాయమున, ఆ బ్రిడ్జిపోర్టునందే మరణించెను. బ్రామా తాళము నేడు లండను విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నది.

ఈ చరిత్రను మేము పదవ తరగతిలో ఒక సాయంకాలము చెప్పితిమి. పిల్లలందఱు ఏబదియొక్క గంటల సంగతి విని ఆశ్చర్యపడిరి. ఆ బాలుడు మాత్రము వేఱు ప్రశ్న అడిగెను. వెస్ట్‌మినిస్టరులో తెఱచిన తలుపును ఆయన మరల మూసెనా, లేక యట్లే విడిచిపోయెనా యని. ఏడు నిమిషములలో మూసెనని చెప్పితిమి. తానును క్రొత్త పాస్‌వర్డు పెట్టి, దానిని అమ్మచేత లెక్కల పుస్తకము వెనుక అట్టపై వ్రాయించితినని అతడు మెల్లగా చెప్పెను. తరగతి ముగిసిన పిమ్మట అతనిని నిలిపి, ఉపాధ్యాయుల గదిలో మేమన్న మాటను చెప్పి, అది తప్పని ఒప్పుకొంటిమి. అతడు సిగ్గుపడి, ఫరవాలేదు మాస్టారూ యనెను.

ఆ వారముననే ప్రధానోపాధ్యాయులవారి సెలవుతో, వారియెదుటనే, కార్యాలయపు యంత్రమును బీరువానుండి తీయించి అతనిచేత చూపించితిమి. ఇంటి యంత్రము వలెనే అదియు తడికగోడ గలదేనని తేలెను. ఇప్పుడు దాని డిస్కు రహస్యలిపిలో నున్నది. పునరుద్ధరణ సంఖ్య సీలువేసిన కవరులో ప్రధానోపాధ్యాయులవారి వద్ద నున్నది. యంత్రము మాత్రము బీరువాలో లేదు. మరల బల్లమీదనే యున్నది.